కొక్కేనికి తగిలించిన నంబరు

పోయిన నెల మా షాపుకు ఒక పార్సిలు తిరిగి వచ్చింది. ఎక్కడో సముద్రాల అవతల తీసుకునేవాళ్లు లేక, ఊరూరి ముద్రలు కొట్టించుకుని, మూలలు నలిగి, రెండు ఎండాకాలాలు దాటాక మళ్లీ గోదావరిఖని చేరింది. పంపినవారి చిరునామా దగ్గర మా జిరాక్సు షాపు అడ్రసు, పైన మా వాడకట్టంతా బాబాయి వరసతో కాక అని పిలిచే పెద్దాయన పేరు ఉన్నాయి. కాక పోయి ఎనిమిది నెలలైంది. కొరియర్ అబ్బాయి సంతకం అడిగితే పెట్టాను గాని, మధ్యాహ్నం దాకా డబ్బా విప్పడానికి చెయ్యి రాలేదు.

లోపల జానెడు ఇత్తడి దీపం. వెనుకటి రోజుల్లో బాయిలో గ్యాసు ఉందో లేదో చూడడానికి పట్టుకుపోయే దీపానికి అచ్చుగుద్దినట్టున్న చిన్న నమూనా. దాని మెడకు దారంతో ఒక కార్డు కట్టి ఉంది. ఆ కార్డు ప్రింటు తీసింది నేను, లామినేషన్ చేసింది నేను. నలుపు తెలుపు గళ్ల కోడ్, దాని కింద బారెడు పొడుగు నంబరు, ఇంకా కింద కాక పేరు, బాయిలో ఆయనకుండిన లాంపు నంబరు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాయకూడని చోట ఒకసారి రాసి, యాభై కాపీలు తీసింది చాలు.

బొగ్గుబావిని మావైపు బాయి అంటారు. కాక మొదట్లో కొన్నాళ్లు కిందికి దిగి, ఆ తర్వాత ముప్పై ఏళ్లు బాయి పైన లాంపు రూంలో పనిచేశాడు. కిందికి దిగే ప్రతి మనిషికి ఒక నంబరు, ఆ నంబరుతో ఒక ఇత్తడి బిళ్ల ఉంటాయి. బిళ్ల ఇచ్చి లాంపు తీసుకోవాలి. కాక ఆ బిళ్లను బోర్డు మీద కొక్కేనికి తగిలిస్తాడు. షిఫ్టు అయ్యాక లాంపు ఇచ్చి బిళ్ల తీసుకోవాలి. బోర్డు ఖాళీ అయితే అందరూ పైకి వచ్చినట్టు. ఒక్క బిళ్ల మిగిలినా ఒక మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. అందుకే ఆ బోర్డు అందరికీ కనపడే చోట ఉండేది. దారిన పోయేవాడు కూడా ఎవరు కింద ఉన్నారో చదువుకోవచ్చు.

రిటైరయ్యాక కూడా ఆయన నా షాపులోకి నమస్తే పెట్టి వచ్చింది లేదు. గడపలో నిలబడి "అందరు మీదికొచ్చిండ్రా బిడ్డా?" అనేవాడు. "వచ్చిండ్రు కాకా, నువ్వే లేటు" అనేవాణ్ణి నేను. ఇద్దరం నవ్వేవాళ్లం. ఎన్నేళ్లో నడిచింది ఈ తమాషా. అది తమాషా అని నేననుకున్నాను.

ఏ వస్తువు చేతికిచ్చినా ముందు గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. నా స్టాప్లర్‌ను కొట్టి చూసి "దీని పని అయిపోయింది" అన్నాడొకసారి. వారం తిరక్కుండా అది విరిగింది. కాగితం పట్టుకునే ముందు చెయ్యి చొక్కాకు తుడుచుకునేవాడు, తుడిచిన చొక్కా చేతికంటే నల్లగా ఉన్నా సరే. భార్య చిన్న వయసులోనే పోయింది, పిల్లలు లేరు. ఇంటి ముందర రేకుల కింద కూర్చుని పాత ఇత్తడి కరిగించి, సాగగొట్టి ఈ దీపాలు చేసేవాడు. ఒకటి చేయడానికి పదిహేను రోజులు పట్టేది.

ఆ దీపాన్ని ఒకనాడు ఫొటో తీసి నెట్‌లో పెట్టింది నేనే. అలాంటివి సేకరించే పిచ్చివాళ్లు దేశదేశాల్లో ఉన్నారని అప్పుడు తెలిసింది. ఒకాయన కొంటానన్నాడు, ఆయన్ని చూసి ఇంకొకాయన. బ్యాంకు ద్వారా పంపితే ఖర్చులకే సగం పోతోంది, బ్యాంకు లేకుండా నెట్‌లోనే చేతులు మారే క్రిప్టో కాయిన్లలో పంపుతామన్నారు. మా బామ్మర్ది ఆ యవ్వారంలో వేళ్లు కాల్చుకుని ఉన్నాడు. వాడి దగ్గర నేను నేర్చుకున్నది గోరంత, కాకకు చెప్పింది కొండంత.

కాక అంతా విని ఒక్కటే అడిగాడు.

"ఫోన్ల పైసలు గొడితె మన పేరు టక్కున వడ్తది. గిండ్ల గూడ వడ్తదా?"

"గిండ్ల పేరుండది కాకా. నంబరే."

"నంబరే." ఆ మాట తనలో తాను ఇంకోసారి అనుకున్నాడు. మొహం విప్పారింది. ఎందుకంత సంతోషమో నాకు అర్థం కాలేదు. పన్ను ఎగ్గొట్టే ఆలోచనేమో అని అనుమానపడ్డాను కూడా. అదేం కాదు. ఆడిటరు దగ్గరికి తనే పోయి, వచ్చిన ప్రతిదీ చూపించి పన్ను కట్టాడు. ఆయన దాచాలనుకున్నది సర్కారు దగ్గర కాదు, వాడకట్టు దగ్గర.

ఫోన్‌లో ఖాతా తెరిచిన రోజు ఇప్పటికీ నవ్వొస్తుంది. పన్నెండు ఇంగ్లీషు మాటలు వస్తాయి, వరుస తప్పకుండా రాసుకోవాలి, అవే తాళంచెవి అని చెప్పాను. "ఫొటో తియ్యద్దు. ఫోన్ల రాసుకోవద్దు. ఎవ్వలకు చూపెట్టద్దు కాకా, నాక్కూడ."

"నీక్కూడనా?"

"నాక్కూడ."

"అయితె నువ్వు బయటికి వో."

నా షాపులోంచి నన్నే బయటికి పంపాడు. మే నెల ఎండలో, రామగుండం గాడ్పులో, అరగంట సేపు రోడ్డు మీద నిలబడ్డాను. లోపల కాక కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, ఒక్కో అక్షరాన్ని బొమ్మ గీసినట్టు గీసుకుంటున్నాడు. జిరాక్సుకు వచ్చినవాళ్లు "ఏందన్నా, షాపు అమ్మినవా?" అని నవ్వారు.

తాళంచెవి విషయంలో అంత జాగ్రత్త. నంబరు విషయంలో మాత్రం నా మాట వినలేదు. డబ్బు వచ్చినప్పుడల్లా కొత్త నంబరు ఇవ్వొచ్చట, ఒకే నంబరు పదిమందికి ఇవ్వొద్దట అని బామ్మర్ది చెప్పింది చెప్పాను. ఎందుకివ్వొద్దో నాకూ సరిగ్గా తెలియదు.

"దినానికో నంబరు మార్చితె మనిషెట్ల దొర్కుతడు? మనిషికో నంబరు. నంబరు దాసిపెట్టినోనికి బాయిల ఏమన్నయితె ఎవల్కెర్క?" అన్నాడు కాక.

నంబరు పక్కన పేరు వేయమన్నాడు, పాత లాంపు నంబరు కూడా వేయమన్నాడు. ప్రతి దీపానికీ ఒక కార్డు కట్టాలి, ఒకటి ఇంటి ముందర మేకుకు వేలాడాలి. యాభై కార్డుల ఆర్డరు వచ్చిందని నేను సంబరపడి ఇంకేమీ వాదించలేదు.

కొన్నాళ్లకు ఒకమ్మాయి ఫోను పట్టుకుని వచ్చింది. బాయి గేటు ముందు ఇడ్లీ బండి పెట్టుకున్న ఆమె బిడ్డ. కరీంనగర్‌లో నర్సింగ్ చదువుతోంది. తండ్రి బాయిలో బండ కూలి పోయినప్పుడు ఈ పిల్ల ఒళ్లో ఉంది. పోయినవాడి ఇంట్లో ఒకరికి కంపెనీ ఇచ్చే డిపెండెంట్ ఉద్యోగం మరిది తీసుకున్నాడు, వదిననూ పిల్లనూ చూసుకుంటానన్న మాట మీద. చూసుకోవడమంటే నెలకు ఇంత అని విసిరేయడం. ఆమె ఇడ్లీలతోనే పిల్లను పెంచింది.

"ఎక్కడిదో ట్రస్టట అన్నా. బాయిల పోయినోళ్ల పిల్లలకు సదువుకు పంపుతదట. కాక చెప్పిండు. ఫోన్ల కాయిన్ల ఖాతా తెరిసిన, గా నంబరు ప్రింటు కావాలె" అంది పిల్ల. తీసిచ్చాను. ఆ నంబరు చివరి నాలుగు అంకెలు మా స్కూటర్ నంబరులాగే ఉన్నాయి. అందుకే గుర్తుండిపోయింది. గుర్తుండకపోతే ఎంత బాగుండేది.

ఏడాది నడిచింది. ఒక మధ్యాహ్నం బామ్మర్ది వచ్చి కూర్చున్నాడు. కౌంటర్ ముందు ముగ్గురు మనుషులు ఆధార్ జిరాక్సుల కోసం నిలబడి ఉన్నారు. వాడు కాక కార్డు ఒకటి తీసి తిప్పి చూశాడు. "బావా, గీ నంబరు నెట్‌ల కొడితె లోపటిదంత కనవడ్తది, ఎర్కేనా?"

నాకు తెలియదు. నిజంగానే తెలియదు. వాడు నా కంప్యూటర్‌లోనే కొట్టి చూపించాడు. ఏ దీపానికి ఎంత వచ్చిందో, ఏ తారీఖున వచ్చిందో, ఇప్పుడు ఎంత ఉందో, అంతా వరసగా వచ్చేసింది. తాళమూ లేదు, తలుపూ లేదు. దాని కింద, నెలనెలా ఒకే నంబరుకు పోతున్న డబ్బు. చివరి నాలుగు అంకెలు మా స్కూటర్ నంబరు.

"అరె, గిది ఇడ్లీ బండి చెల్లె బిడ్డది గద! నేనే ప్రింటు తీసిన" అన్నాను.

అంతే. ఒక్క మాట. ఏదో కనిపెట్టినవాడిలా గట్టిగా అన్నాను. కౌంటర్ ముందున్న ముగ్గురిలో ఒకడు ఆమె మరిదితో కలిసి ఒకే షిఫ్టు చేసేవాడు. ఆ సంగతి నాకు తెలుసు. నోరు తెరిచే ముందు గుర్తు రాలేదు.

ఆ సాయంత్రమే కాక దగ్గరికి పోయి చెప్పాను. నేనన్న మాట గురించి కాదు. నంబరు తెలిస్తే అంతా కనిపిస్తుందన్న సంగతి మాత్రమే చెప్పాను.

"ఎంతొచ్చిందో కనవడ్తదా?"

"కనవడ్తది కాకా."

"ఎవలకు పంపిన్నో?"

"గది గూడ."

సుత్తి కింద పెట్టాడు. చొక్కాకు చెయ్యి తుడుచుకున్నాడు, పట్టుకోవడానికి కాగితమేమీ లేకపోయినా. "తుడ్వరాదా బిడ్డా?"

"రాదు కాకా. ఎన్నడు పోదట."

"బిళ్ల మనిషి బాయిల ఉన్నడా లేడా అని జెప్తదిరా. లోపట యాడ తిరిగిండో జెప్పది గదరా." నన్ను ఆయన రా అనడం అదే మొదటిసారి. కోపం కాదు. భయం.

అప్పటికప్పుడు కొత్త నంబరు తీయమన్నాడు. తీసి, నా అతితెలివి కొద్దీ పాతదాంట్లో ఉన్నదంతా ఒక్కసారే కొత్తదాంట్లోకి పంపించేశాను. "పాతదాన్ని చూసినోనికి కొత్తది గూడ చూపెట్టినవ్ గద బావా" అని తర్వాత బామ్మర్ది నెత్తి కొట్టుకున్నాడు. కాక ఇంటి ముందర మేకు మీది కార్డు తీసేశాడు. మిగిలిన కార్డుల కింద పేరు ఉన్న ముక్కను కత్తెరతో కత్తిరించుకుంటూ కూర్చున్నాడు. ఈ పార్సిలు అప్పటికే బయలుదేరిపోయింది.

కార్డులు కత్తిరించినంత మాత్రాన నా నోట్లోంచి పోయిన మాట వెనక్కి రాదు కదా. వారంలో వాడకట్టంతా పాకింది. ముసలాయన ఇడ్లీ బండామెను ఉంచుకున్నాడని, ఆ పైసలు అందుకేనని. మరిది బండి దగ్గరికి వచ్చి నలుగురి ముందు అరిచాడట. "నీకు ఇంకోడు పంపుతున్నడు గద, ఇగ నేనెందుకియ్యాలె?" అని ఆ ఇచ్చేది కూడా బంద్ చేశాడు. ఇడ్లీ తినే మగవాళ్లు చట్నీ అడిగి ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేవారట.

మరిది అరిచిన మూడో రోజు ఆమె కాక ఇంటికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను, ఆయన ఫోన్‌లో ఏదో సరిచేస్తూ. లేచి పోబోయాను. ఆమె నన్ను చూడను కూడా చూడలేదు.

"ట్రస్టు నువ్వేనా కాకా?"

కాక ఆమె వైపు పీట జరిపాడు.

"వాడకట్టోళ్ల మాటకు నాకు కోపం రాలే. నువ్వెసొంటోనివో నాకెర్కలేదా? గని నువ్వు నాకెందుకియ్యాలె? నేన్నీకు ఏమైతనని? రెండు దినాలు గదే ఆలోచన జేసిన." కొంగు నడుముకు బిగించింది. "మా ఆయన పోయిననాడు లాంపు రూంల ఎవలున్నరు కాకా?"

అంతకు ముందు ఎవరూ ఆయన్ని ఆ ప్రశ్న అడగలేదు. మేమంతా బండ కూలిందనుకున్నాం, అంతే.

"నేనే బిడ్డా" అన్నాడు కాక.

తల దించుకుని చెప్పుకుపోయాడు. ఫస్ట్ షిఫ్టు అయిపోయింది. లాంపులన్నీ వచ్చాయి. బోర్డు మీద ఒక్క బిళ్ల మిగిలింది. అది ఆమె భర్తది, అతను తరచూ డబుల్ డ్యూటీ చేసేవాడు. ఆ రోజు కూడా ఉండిపోయాడేమో అనుకున్నాడు కాక. కిందికి ఫోన్ చేసి అడగొచ్చు. అడగడానికి ఒక్క నిమిషం పట్టదు. అన్నం డబ్బా తెరిచి ఉంది, కాక తింటూ ఉండిపోయాడు. సెకండ్ షిఫ్టువాళ్లు కింద అక్కడికి చేరాకే బండ కూలిందని తెలిసింది.

"ఎంతసేపు?"

"గంటన్నర."

"అప్పటికి బతికున్నడా?"

"ఎర్కలేదు బిడ్డా. ఎర్కలేదు. గదే నాకెర్కలేదు."

ఆమె ఏడవలేదు. కాకే ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూడకుండా ఉండాల్సింది. "అందరు మీదికొచ్చిండ్రా" అని గడపలో ఎందుకు నిలబడేవాడో ఆ రోజు తెలిసింది. ఇన్నేళ్లు ఆ మాటకు నవ్విన నా నోటిని ఏం చేసుకోవాలో తెలియలేదు.

"ఇగ పంపకు కాకా. గా పైసలతోని నా బిడ్డ సదువద్దు" అంది. వాకిట్లోకి పోయి ఆగింది. "ఇన్నేండ్లు రోజు పొద్దుగాల నా బండి కాడ్నే తిన్నవు గదా" అని వెళ్లిపోయింది.

మర్నాడు పిల్ల నంబరు నుంచి ఆ నెల డబ్బు తిరిగి వచ్చింది. మూడో ఏడు ఫీజు కట్టలేకపోయింది. చదువు ఆపి కరీంనగర్‌లోనే ఎక్కడో దవాఖానలో పనికి కుదిరిందని విన్నాను. కాక దీపాలు చేయడం మానేశాడు. షాపుకు వచ్చేవాడు గాని గడపలో ఏమీ అడిగేవాడు కాదు. స్టూలు మీద కూర్చుని రోడ్డు చూసేవాడు.

ఒకరోజు ఉన్నట్టుండి అడిగాడు. "గిది ఎట్ల బయటవడ్డదంటవ్ బిడ్డా?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. షాపులో ఇద్దరమే ఉన్నాం. నా నాలుక చివర దాకా వచ్చింది.

"నెట్‌ల ఎవలో చూసుంటరు కాకా" అన్నాను.

తల ఊపాడు. లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఇత్తడి వాసన వేసింది. "ఫికర్ జెయ్యకు. నీ తప్పేం లేదు. నంబరు తగిలేసింది నేను గద."

అంతటి పిరికివాణ్ణి నేను. ఆయన తన గంటన్నరను పద్దెనిమిదేళ్లు మోసి, అడిగిన వెంటనే ఒప్పుకున్నాడు. నేను ఒక్క మాటను ఒప్పుకోలేకపోయాను. ఇప్పుడు కాగితం మీద రాస్తున్నాను, ఆయన చదవడు గనక.

వానాకాలంలో ఊపిరి ఆడక దవాఖానలో చేరాడు, మళ్లీ ఇంటికి రాలేదు. ఆయన అక్క కొడుకు వచ్చి కర్మ చేసి, రేకుల కింద ఉన్న ఇత్తడంతా కిలోల లెక్కన అమ్మేశాడు. ఆ పిల్లవాడు నా దగ్గర డెత్ సర్టిఫికెట్ జిరాక్సు తీయించుకుంటూ అన్నాడు. "మామ పాత బిళ్లలు శానా కూడేసిండన్నా. అన్నిటి మీద నంబర్లే. ఒక పది, పన్నెండు బిళ్లల మీద మాత్రం ఇంగ్లీషు మాటలు కొట్టి ఉన్నయి. ఏందో మరి."

అడిగితే, సామాను అప్పటికే కరిగించే చోటికి వెళ్లిపోయిందన్నాడు, ఫోను కూడా అంతా తుడిచేసి అమ్మేశానన్నాడు. కాగితం కాలుతుందని, తడుస్తుందని ఆయన తాళంచెవిని ఇత్తడి మీద కొట్టుకున్నాడు. నంబరు ఇప్పటికీ ఉంది. డబ్బు ఇప్పటికీ అందులో ఉంది. ఎవరైనా చూడొచ్చు, ఎవరూ ముట్టుకోలేరు. పార్సిలు వచ్చిన రోజు చూశాను. నెలనెలా పోయిన డబ్బు, పిల్ల దగ్గరి నుంచి తిరిగొచ్చిన డబ్బు, నేను అతితెలివితో కొత్తదాంట్లోకి పంపింది, అన్నీ వరసగా అలాగే ఉన్నాయి. ఆ దీపాన్ని ఎవరికివ్వాలో తెలియక బీరువాలో పెట్టాను.

మొన్న ఇడ్లీ బండి చెల్లె షాపుకు వచ్చింది. ఆ గొడవ తర్వాత నా గడప తొక్కడం ఇదే మొదలు. పిల్ల మళ్లీ కాలేజీలో చేరిందట, ఏవో కాగితాలు పంపాలట. ఫీజు ఎలా కట్టిందో నేను అడగలేదు. కాగితాలు నాకు ఇవ్వలేదు. బోర్లించి ఛాతీకి ఆనించి పట్టుకుంది. జిరాక్సు మిషన్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

"అన్నా, సూడకుంట తియ్యొస్తదా?"

ఆమెకు తెలుసు. బహుశా మొదటి రోజు నుంచీ తెలుసు.

"వస్తది చెల్లె" అన్నాను. మూత ఎక్కడ ఎత్తాలో, ఏ బటన్ నొక్కాలో చెప్పి నేను బయటికి పోయి రోడ్డు మీద నిలబడ్డాను. బొగ్గు లారీలు పోతున్నాయి. మిషన్ చప్పుడు ఆగేదాకా వెనక్కి తిరగలేదు. ఆమె కౌంటర్ మీద చిల్లర పెట్టి, కాగితాలు కొంగు కింద పెట్టుకుని వెళ్లిపోయింది. ఎన్ని కాపీలు తీసుకుందో నాకు తెలియదు.